ముట్టుకున్నా ముట్టుకోనట్టే: అమెరికన్ ఫుట్‌బాల్‌లో గీత దగ్గర తగిలిన కిక్ ఎవరిది?

నాలుగో డౌన్, అంటే 10 గజాలు ముందుకు పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిది. ఇంకా 8 గజాలు కావాలి. బంతి, తన్నే జట్టు సొంత 30 గజాల గీత మీద ఉంది. పంటర్ (బంతిని చేతిలోంచి వదిలి దూరంగా తన్నేవాడు) కాలు సరిగా పడలేదు, బంతి పైకి లేవకుండా మనిషి ఎత్తులో దూసుకొచ్చింది. ఎదుటి జట్టువాడొకడు 33 గజాల గీతకు కాస్త ముందే చేతులెత్తి దాన్ని ఆపాడు. బంతి కిందపడి 35 దాకా దొర్లింది. తన్నిన జట్టు ఆటగాడే ముందుగా చేరి దాని మీద పడిపోయాడు. ఇప్పుడు బంతి ఎవరిది?

న్యూజెర్సీలో హైస్కూల్ మ్యాచ్ అయితే తన్నిన జట్టుదే, పైగా కొత్త ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. అదే ఆట టెక్సస్‌లోని ప్రభుత్వ హైస్కూల్ మైదానంలో జరిగితే బంతి ఎదుటి జట్టుకు వెళ్తుంది. రెండు చోట్లా రిఫరీ తీర్పు సరైనదే. చాలా రాష్ట్రాల హైస్కూళ్లు జాతీయ హైస్కూల్ సమాఖ్య నియమావళితో ఆడతాయి. టెక్సస్ ప్రభుత్వ పాఠశాలలు మాత్రం కొద్దిపాటి మార్పులతో కాలేజీ నియమావళినే వాడతాయి. ఫ్రిస్కోలో చదివే అబ్బాయి, ఎడిసన్‌లో ఉండే వాళ్ల పెద్దమ్మ కొడుకు ఈ ఆట గురించి వాదించుకుంటే ఇద్దరూ గెలవొచ్చు.

ఈ చిక్కంతా ఒక్క మాట దగ్గరుంది: ముట్టుకోవడం. మామూలుగా చూసేవాళ్లు అడిగేది "ఎవరు ముట్టుకున్నారు?" అని. నియమావళి అంతకంటే ముందు అడిగేది "ఎక్కడ ముట్టుకున్నారు?" అని.

ముందు గీత సంగతి

ప్రతి డౌన్ మొదలయ్యే ముందు బంతి నేల మీద ఉంటుంది. దాని రెండు కొనల నుంచి మైదానం అడ్డంగా రెండు గీతలు గీసినట్టు అనుకుంటే, ఆ మధ్య సన్నటి పట్టీయే న్యూట్రల్ జోన్. వెడల్పు బంతి పొడవంత, అంటే సుమారు 11 అంగుళాలు. ఒక్కో అంచు ఒక్కో జట్టుకు స్క్రిమేజ్ లైన్. స్నాప్ (బంతిని వెనక్కి అందించి డౌన్ మొదలుపెట్టడం) అయ్యాక ఈ గీత వెనక నుంచి తన్నిన బంతిని స్క్రిమేజ్ కిక్ అంటారు. పంట్ అయినా, ఫీల్డ్ గోల్ (పాయింట్ల కోసం బంతిని కర్రల మధ్య నుంచి తన్నడం) ప్రయత్నమైనా ఆ కోవలోకే వస్తాయి. మ్యాచ్ ఆరంభంలో తన్నే కికాఫ్ వేరు. దానికి 10 గజాల లెక్క వేరే ఉంది, దాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే అంతా కలగాపులగమవుతుంది.

స్క్రిమేజ్ కిక్ గీత దాటడం అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. కాలేజీ నియమావళిలో బంతి గాల్లో గీత మీదుగా పోయినంత మాత్రాన దాటినట్టు కాదు. అవతల నేలకో, ఆటగాడికో, అధికారికో, మరేదైనా వస్తువుకో తగలాలి. ఎదురుగాలికి వెనక్కి వచ్చి గీత ఇవతలే, అంటే తన్నిన జట్టు వైపే పడిన పంట్ అసలు దాటనట్టే.

ఇవతల ఒక న్యాయం, అవతల ఒక న్యాయం

దాటని కిక్ ఇరు జట్లదీ. ఎవరు తీసుకున్నా పరుగెత్తవచ్చు, టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) కూడా చేయవచ్చు. దాటిన కిక్ మాత్రం అందుకునే జట్టు సొత్తు. తన్నిన జట్టుకు దాని మీద హక్కు రావాలంటే ముందుగా అందుకునే జట్టువాడు అవతల ఎక్కడో దాన్ని ముట్టుకుని ఉండాలి. పంట్ నేల మీద గెంతుతుంటే అందుకునే జట్టువాళ్లు "పీటర్, పీటర్" అనో "పాయిజన్" అనో అరుచుకుంటూ దూరంగా పరుగెత్తేది అందుకే. బూటు చివర తగిలినా చాలు, బంతి అందరిదైపోతుంది.

మన 30 గజాల గీత ఆటనే తీసుకుందాం. పంట్‌ను గీత వెనకే అడ్డుకున్నారు. బంతి తన్నిన జట్టు 22 దాకా వెనక్కి దొర్లింది. ఆ జట్టువాడే ఎత్తుకుని పరుగెత్తి 37 దగ్గర పడిపోయాడు. ఫస్ట్ డౌన్‌కు 38 చేరాలి, చేరలేదు. కాబట్టి ఎదుటి జట్టుకు 37 దగ్గర బంతి. అతడు 38 చేరి ఉంటే తన్నిన జట్టుకే ఫస్ట్ డౌన్. "వాళ్లు ముట్టుకున్నారు, వీళ్లు పట్టుకున్నారు, కాబట్టి ఫస్ట్ డౌన్ తనంతట తనే వస్తుంది" అనుకోవడం గ్యాలరీల్లో ఎక్కువగా వినిపించే పొరపాటు. గీత వెనక జరిగిన అడ్డగింత వల్ల బంతి చేతులు మారలేదు, డౌన్ లెక్క కూడా మారలేదు.

ఇంకో మెలిక. అదే పంట్‌ను గీత వెనకే అడ్డుకున్నారు, కానీ బంతి తిన్నగా ముందుకే పోయి గీత దాటి 40 దగ్గర ఆగింది. తన్నిన జట్టువాడు దాన్ని పట్టుకున్నాడు. 38 దాటిపోయింది కదా, ఫస్ట్ డౌన్ ఇవ్వాలి కదా అనిపిస్తుంది. ఇవ్వరు. అవతల తన్నిన జట్టు చేతికి చిక్కగానే బంతి డెడ్ (ఆ డౌన్ అక్కడితో ముగిసినట్టే), అక్కడి నుంచి ఎదుటి జట్టు ఆడుతుంది. గీత వెనక తగిలిన చెయ్యి అవతల హక్కు ఇవ్వదు.

గీతకు అవతల ఒక చిన్న మినహాయింపు

ఇక్కడిదాకా గీత ఒక గోడలా ఉంది. నిజానికి కిక్‌ను అడ్డుకునేవాళ్లంతా గీత ఇవతలికి దూసుకురారు. ఫీల్డ్ గోల్ సమయంలో చాలామంది లైన్‌మెన్ (గీతను ఆనుకుని నిలబడే ఆటగాళ్లు) తమ వైపే ఉండిపోయి, ఎదుటివాళ్ల తోపుడుకు ఒకటి రెండు గజాలు వెనక్కి జరిగి, అక్కడి నుంచే చేతులెత్తి ఎగురుతారు. తన్నడానికి బంతిని నేల మీద నిలబెట్టి పట్టుకునే హోల్డర్ గీతకు 7 గజాల వెనక మోకరిల్లి ఉంటాడు. బంతి పైకి లేస్తూ వచ్చి గీత దాటిన గజానికి వాళ్ల వేళ్లకు తగలొచ్చు. ఆ తగలడాన్ని "అవతల ముట్టుకోవడం"గా లెక్కిస్తే పాపం ఎగిరినవాడి జట్టుకే గండం. బంతి ముందుకు దొర్లితే తన్నినవాళ్లు పట్టుకుని ఫస్ట్ డౌన్ తీసుకుంటారు. అలాంటప్పుడు ఎవడు చెయ్యెత్తుతాడు?

అందుకే నియమావళులు గీతకు అవతల ఒక చిన్న పట్టీకి మినహాయింపు ఇచ్చాయి. కబడ్డీ తెలిసినవాళ్లకు లాబీ గుర్తుకొస్తుంది. పెనుగులాట మొదలవక ముందు అక్కడ కాలు పెడితే ఔట్, మొదలయ్యాక అదే నేల ఆటస్థలం. ఇక్కడా అంతే: నేల అదే, దాని హోదా మాత్రం జరుగుతున్న పనిని బట్టి మారుతుంది.

కాలేజీ నియమం ఇలా ఉంటుంది: తన్నే జట్టు ప్రత్యర్థి, న్యూట్రల్ జోన్‌కు 3 గజాలకు మించకుండా అవతల ఉండి కిక్‌ను అడ్డుకుంటే, ఆ అడ్డగింత జోన్‌లోనో దాని వెనకో జరిగినట్టే భావించాలి. హైస్కూల్ నియమం దారి వేరు. అది న్యూట్రల్ జోన్‌నే సాగదీస్తుంది. స్నాప్ తర్వాత జోన్ రక్షణ జట్టు (కిక్‌ను అందుకునే జట్టు) గీతకు అవతల గరిష్ఠంగా 2 గజాల దాకా విస్తరిస్తుంది, ఆ విస్తరించిన జోన్‌లో తక్కువ ఎత్తులో వచ్చిన స్క్రిమేజ్ కిక్‌ను ఎవరు ముట్టుకున్నా పట్టించుకోరు.

మొదట్లో వేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. బంతి ముందు కొన 30 గజాల గీత మీద ఉంది కాబట్టి జోన్ అవతలి అంచు కూడా అక్కడే. కాలేజీ లెక్కన మినహాయింపు 33 దాకా వస్తుంది, హైస్కూల్ లెక్కన 32 దగ్గరే ఆగిపోతుంది. 33కు కాస్త ముందు తగిలిన చెయ్యి టెక్సస్‌లో లోపల ఉంది, న్యూజెర్సీలో బయట. లోపల ఉన్నచోట అది ముట్టుకోనట్టే, కాబట్టి 35 దగ్గర తన్నినవాళ్లు పట్టుకున్నా ఫలితం లేదు. బయట ఉన్నచోట అందుకునే జట్టు ముట్టుకున్నట్టే. బంతి తన్నినవాళ్లది, ఫస్ట్ డౌన్ కూడా వాళ్లదే. కాకపోతే బంతి అక్కడే డెడ్, ఎత్తుకుని పరుగెత్తడానికి లేదు.

2 గజాలా, 3 గజాలా అన్నదొక్కటే తేడా కాదు

రెండు నియమాల మాటలను పక్కపక్కన పెట్టి చదివితే ఇంకో తేడా కనబడుతుంది. హైస్కూల్ నియమం "ఏ ఆటగాడైనా" అంటుంది. కాలేజీ నియమం "తన్నే జట్టు ప్రత్యర్థి" అంటుంది.

పంటర్ తన్నిన బంతి, గీత దాటి ఒక గజం ముందుకు పోయిన తన సొంత లైన్‌మన్ వీపుకే తగిలిందనుకోండి. హైస్కూల్‌లో అది విస్తరించిన జోన్ లోపలే, పట్టించుకోనక్కర్లేదు. కాలేజీలో మినహాయింపు అతడికి వర్తించదు. బంతి దాటినట్టు లెక్క, దాటిన బంతిని తన్నిన జట్టువాడే ముందు ముట్టుకున్నట్టు లెక్క. ఎదుటి జట్టుకు ఆ చోటు నుంచి ఆడే హక్కు దక్కుతుంది.

ఆ హక్కు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. దాటిన కిక్‌ను అందుకునే జట్టుకంటే ముందు తన్నిన జట్టు ముట్టుకోవడాన్ని హైస్కూల్‌లో ఫస్ట్ టచింగ్ అంటారు, కాలేజీలో ఇల్లీగల్ టచింగ్ అంటారు. పేరులో ఇల్లీగల్ ఉన్నా దానికి పసుపు జెండా పడదు, గజాల శిక్ష లేదు. అధికారి ఆ చోట ఒక చిన్న బీన్‌బ్యాగ్ పడేస్తాడు, అంతే. ఆట ఆగదు. అందుకునే జట్టువాడు ఆ బంతిని ఎత్తుకుని పరుగెత్తవచ్చు. బాగా పోతే ఆ ఫలితం ఉంచుకుంటారు. మధ్యలో బంతి జారవిడిచి తన్నినవాళ్ల పాలు చేసినా బీన్‌బ్యాగ్ పడిన చోటికి వెనక్కి వచ్చి తమ బంతి తాము తీసుకుంటారు. జూదంలో పెట్టుబడి వాపసు హామీ లాంటిది. ఈ హామీ పోయే దారి ఒకటుంది: ఆ ఆటలో ఏదైనా ఫౌల్‌కు శిక్షను అంగీకరిస్తే హక్కు రద్దు. శిక్ష తీసుకోవాలా, బీన్‌బ్యాగ్ దగ్గర బంతి తీసుకోవాలా అని కోచ్ ఒక క్షణం ఆగి లెక్కేసుకునేది ఇలాంటప్పుడే.

"పట్టించుకోరు" అంటే ఎంతవరకు?

ఆ తగలడం జరగలేదని ఎవరూ అనరు. ఒక్క ప్రశ్నకు మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోరు: అందుకునే జట్టు ఈ కిక్‌ను ముట్టుకుందా, దానివల్ల తన్నిన జట్టుకు హక్కు వచ్చిందా? మిగతా ప్రశ్నలకు ఆ తగలడం బతికే ఉంటుంది.

బంతి డెడ్ కాదు, అది ఇంకా కిక్కే. ఫీల్డ్ గోల్ ప్రయత్నం రక్షకుడి వేళ్లకు తగిలి కూడా కర్రల మధ్య నుంచి పోతే 3 పాయింట్లు వస్తాయి. 2019 జనవరి 6న షికాగోలో జరిగిన ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ప్లేఆఫ్ మ్యాచ్ చివర్లో బేర్స్ కికర్ కోడీ పార్కీ 43 గజాల నుంచి తన్నిన బంతికి ఈగల్స్ ఆటగాడు ట్రేవన్ హెస్టర్ వేళ్లు తగిలాయి. బంతి ఎడమ స్తంభానికి, ఆ తర్వాత అడ్డుకర్రకు తగిలి బయట పడింది. ఈగల్స్ 16-15తో గెలిచారు. అది రెండు అంగుళాలు లోపలికి పడి ఉంటే హెస్టర్ వేళ్లు తగిలాయన్న కారణంతో ఎవరూ దాన్ని కొట్టేసేవారు కాదు.

కికర్‌ను గుద్దిన వ్యవహారంలో కూడా ఆ తగలడమే సాక్ష్యం. పంటర్‌ను మొరటుగా ఢీకొంటే 15 గజాలు, ఫస్ట్ డౌన్. తగిలీతగలనట్టు తగిలితే 5 గజాలు. కానీ రక్షకుడు ముందుగా బంతిని ముట్టుకుని, ఆ ఊపులో తప్పించుకోలేక కికర్‌కు తగిలితే ఫౌల్ ఉండదు. అందుకే కిక్‌కు చెయ్యి తగలగానే అధికారి ఒక చేతి వేళ్ల కొనల మీద రెండో చేతిని తుడిచినట్టు సైగ చేస్తాడు. ఒకే వేలి స్పర్శ ఒక నియమానికి కనబడదు, పక్క నియమానికి కనబడుతుంది. ఈ ఆట కొత్తగా చూసేవాళ్లకు చిరాకు పుట్టించే చోటు ఇది, ఆ చిరాకు సమంజసమే.

మళ్లీ తన్నడం కూడా అంతే. 2021 అక్టోబరు 7న సియాటిల్‌లో రామ్స్‌తో మ్యాచ్‌లో సీహాక్స్ పంటర్ మైకేల్ డిక్సన్ పంట్‌ను అడ్డుకున్నారు. బంతి గీత వెనకే ఉంది. ఆ ఆస్ట్రేలియా కుర్రాడు దాన్ని ఎత్తుకుని పక్కకు పరుగెత్తి మళ్లీ తన్నాడు. అధికారులు ఆ ఆటను ఉంచారు. మొదటి కిక్ దాటలేదు కాబట్టి బంతి ఇంకా ఇరు జట్లదీ, గీత వెనక నుంచి రెండోసారి తన్నడానికి అడ్డులేదు.

లియన్ లెట్ కాలు జారిన రోజు

ఈ నియమం ఎంత ఖరీదైనదో ఎన్ఎఫ్ఎల్‌లో 1993 నవంబరు 25న, థాంక్స్‌గివింగ్ నాడు తెలిసింది. టెక్సస్ స్టేడియం మీద మంచు కురుస్తోంది. డల్లస్ 14, మయామీ 13. ఇంకో 15 సెకన్లు. మయామీ కికర్ పీట్ స్టోయనోవిచ్ 41 గజాల నుంచి తన్నాడు, డల్లస్ లైన్‌మన్ జిమీ జోన్స్ అడ్డుకున్నాడు.

ఇక్కడ రెండు స్పర్శలున్నాయి. జోన్స్‌ది మొదటిది, గీత దగ్గరి అడ్డగింత. దాంతో మయామీకి ఏ హక్కూ రాలేదు. బంతి గీత దాటి మంచులో బొంగరంలా తిరుగుతోంది. మయామీ వాళ్లకు చూడటం తప్ప చేసేదేమీ లేదు, వాళ్లు పట్టుకున్నా డల్లస్‌దే బంతి. డల్లస్ వాళ్లు గెలిచామనుకుని చేతులూపుతూ దూరం జరుగుతున్నారు. అప్పుడు లియన్ లెట్ పరుగున వచ్చి బంతి మీదికి జారాడు. పట్టు చిక్కలేదు, కాలికి తగిలింది. అది రెండో స్పర్శ, గీతకు చాలా అవతల. ఆ క్షణం నుంచి బంతి మయామీది కూడా. 1 గజం గీత దగ్గర మయామీ లైన్‌మన్ జెఫ్ డెలెన్‌బాక్ దాని మీద పడ్డాడు. మిగిలిన 3 సెకన్లలో స్టోయనోవిచ్ 19 గజాల నుంచి తన్నాడు. మయామీ 16-14.

లెట్‌కు నియమం తెలియదని చాలామంది తేల్చేశారు. సగమే నిజం. అడ్డుకున్న కిక్ కనబడితే పరుగెత్తి పట్టుకోమనే ఆటగాళ్లకు నేర్పుతారు. బంతి గీత వెనక ఉంటే అది సరైన పనే, మనం పట్టకపోతే వాళ్లు పట్టి పరుగెత్తుతారు. అవతల ఉంటే మాత్రం అదే పని ఆత్మహత్య. తేడా కొన్ని గజాలది, నిర్ణయానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు.

ఈ మినహాయింపు మీద వాదనలు

నియమాన్ని సమర్థించేవాళ్లు రెండు కారణాలు చెబుతారు. అడ్డుకునే ప్రయత్నానికి శిక్ష ఉండకూడదన్నది ఒకటి. ఇరవై రెండు మంది గుట్టగా పడి ఉన్నచోట చెయ్యి తగిలింది గీతకు అంగుళం ఇవతలా అవతలా అని ఏ అధికారి కన్నూ చెప్పలేదన్నది రెండోది.

రెండో కారణానికి ఎదురు జవాబు గట్టిదే ఉంది. కనబడని గీతను 2 గజాలో 3 గజాలో ముందుకు జరిపితే చూడ్డం సులువైపోతుందా? కొంతవరకు అవుతుంది. అడ్డగింతలు ఎక్కువగా గీతను ఆనుకునే జరుగుతాయి. కొత్త హద్దు దగ్గర మనుషులు పలచగా ఉంటారు, సందేహం వచ్చే సందర్భాలూ తగ్గుతాయి. పూర్తిగా పోవు. మన 33 గజాల ఉదాహరణే సాక్ష్యం.

మాటల దగ్గర చిక్కు ఇంకా లోతైంది. హైస్కూల్ నియమం "తక్కువ ఎత్తు" అంటుంది, ఎన్ని అడుగులో చెప్పదు. కాలేజీ నియమం "అడ్డుకోవడం" అంటుంది. గీతకు 2 గజాల అవతల ఎదుటివాడిని తోస్తూ, కిక్ వైపు వీపు తిప్పి ఉన్న రక్షకుడికి బంతి తగిలితే అతడు అడ్డుకున్నట్టా? బంతి ఆగింది కాబట్టి అడ్డుకున్నట్టేనని ఒక వాదన. కిక్ దారిలో ఏమాత్రం ప్రయత్నం లేనివాడికి ప్రయత్నించినవాడి రక్షణ ఎందుకని ఇంకోటి. నియమం పుట్టిన కారణం చూస్తే మొదటి వాదనే నిలుస్తుందనిపిస్తుంది: గీతను ఆనుకుని ఉండక తప్పనివాడిని దురదృష్టం నుంచి కాపాడటానికే ఆ పట్టీ ఉంది. బంతి నేలమీద పడి దొర్లుతూ అదే పట్టీలో ఉన్నప్పుడు ఎవరైనా పట్టబోయి జారవిడిస్తే అది మాత్రం వేరు. దాన్ని అడ్డగింత అనడం కష్టం. పట్టుకునే ప్రయత్నానికి, కిక్‌ను ఆపే ప్రయత్నానికి మధ్య తేడా పోయిందంటే పట్టీకి అర్థం లేదు.

ఎప్పుడు తీసుకోవాలి?

అవతల పడిన అడ్డగింత బంతిని వదిలేయమని కోచ్‌లు చెబుతారు, చాలాసార్లు అది సరైన సలహా. 2015 అక్టోబరు 24న అట్లాంటాలో జార్జియా టెక్, ఫ్లోరిడా స్టేట్ 16-16 దగ్గర ఉండగా చివరి క్షణాల్లో రొబెర్టో అగాయో 56 గజాల ఫీల్డ్ గోల్‌కు తన్నాడు. ప్యాట్రిక్ గ్యాంబుల్ అడ్డుకున్నాడు. బంతి దొర్లుతూ టెక్ 22 దాకా వచ్చింది. వదిలేస్తే ఓవర్‌టైమ్. లాన్స్ ఆస్టిన్ దాన్ని ఎత్తుకున్నాడు, 78 గజాలు పరుగెత్తాడు, టెక్ 22-16తో గెలిచింది.

అతడి సాహసాన్ని లెక్కకట్టి చూస్తే లెట్ చేసినంత ప్రమాదం అందులో లేదు. బంతి చేతికి చిక్కకుండా జారితే దాన్ని మఫ్ అంటారు. తన్నిన జట్టు పట్టుకున్నా అక్కడే డెడ్, వాళ్లు పరుగెత్తలేరు. గడియారం అయిపోవస్తున్నప్పుడు దాంతో ఫ్లోరిడా స్టేట్‌కు ఒరిగేది తక్కువ. చేతిలో గట్టిగా పట్టుకున్నాక జారవిడిస్తే అది ఫంబుల్, అప్పుడు ఎవరైనా ఎత్తుకుని పరుగెత్తవచ్చు. ఆస్టిన్‌కు అసలు ప్రమాదం బంతిని ముట్టుకున్నప్పుడు కాదు, పట్టుకున్న తర్వాత మొదలైంది.